ఢిల్లీనుండి శాన్ ఫ్రాన్సిస్కో: ఎంత దూరము? ఎంత సేపు?

దూరమునకు ఒక సంఖ్య, కాలమునకు ఒక సంఖ్య చెప్పి ఊరకుండుట మనకు అలవాటు. విజయవాడనుండి హైదరాబాదునకు రమారమి 275 కిలోమీటర్లు. బస్సులో అయిదారు గంటలు. దారి మారదు, బస్సు వేగమును పెద్దగా మారదు. కావున ఈ రెండింటిలో ఒకటి తెలిసినచో రెండవదానిని వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. ఈ వ్రేళ్ల లెక్కనే విమానమునకు వర్తింపజేసి నేనొకప్పుడు దుఃఖములోనున్న ఒక కుటుంబమునకు తప్పు చెప్పితిని. ఆ సంగతితోనే ఈ ప్రసంగమును మొదలుపెట్టుట న్యాయము.

అది 2018 జనవరి మాసము. మా వీథిలో నాలుగిండ్ల కవతల ఒక పెద్దమనిషి శనివారము తెల్లవారుజామున కాలముచేసెను. ఒక్కడే కుమారుడు, శాన్ ఫ్రాన్సిస్కోలో ఉద్యోగము. శనివారము రాత్రి తొమ్మిది గంటలకు విమానమున్నదనియు, అది నడుమ ఎక్కడను ఆగక ఢిల్లీ చేరుననియు ఆ అబ్బాయి కబురు పంపెను. ఇక్కడ దహనమునకు వేళ నిర్ణయింపవలెను, బంధువులకు తెలుపవలెను, ఐసు పెట్టె ఎంతసేపు కావలెనో చెప్పవలెను. పోయిన పెద్దమనిషి భార్యను మేమందరమును పిన్నిగారని పిలుతుము. ఆమె నన్ను చూచి, "నాయనా, నువ్వు రేడియోలో పనిచేస్తావు గదా, మావాడు ఎప్పటికి వస్తాడో కాస్త లెక్క చూసి చెప్పు" అనెను. రేడియోలో పనిచేయువానికి తెలియని సంగతి యుండదని మా వీథివారి నమ్మకము. నేను కాగితము తీసికొని, రెండు నగరముల నడుమ దూరము 12,400 కిలోమీటర్లు, విమానవేగము గంటకు 900 కిలోమీటర్లు, భాగించగా పదునాలుగు గంటలు అని తేల్చితిని. ఆదివారము మధ్యాహ్నమునకు ముందే ఢిల్లీ, సాయంత్రమునకు ఇల్లు. ఆ ప్రకారమే అందరికిని కబురు పోయెను.

ఆదివారము ఉదయము పది గంటలకు ఫోను మ్రోగెను. ఢిల్లీ సమీపించియుండునని మేమనుకొన్న అబ్బాయి, "ఇప్పుడే విమానం ఎక్కుతున్నాను" అనెను.

నా లెక్కలో గుణకార భాగహారములు సరిగానే యున్నవి. దూరమును గూర్చియు, వేగమును గూర్చియు, గడియారమును గూర్చియు నేను చేసికొన్న ఊహలే పొరపాటు.

దూరము సంగతి మొదట చూతము. గోడకు వ్రేలాడు ప్రపంచపటములో ఢిల్లీ కుడివైపునను, శాన్ ఫ్రాన్సిస్కో ఎడమ అంచునకు దగ్గరగను ఉండును. ఐరోపాను, అట్లాంటిక్ మహాసముద్రమును, అమెరికా ఖండమును దాటి తిన్నగా పడమరకు పోవలెనని చూడగానే తోచును. కాని ఆ పటము గుండ్రని భూమిని బల్లపరుపుగా సాగదీసినది. నారింజ తొక్కను నేలమీద పరచినచో చినుగును గదా. చినుగకుండ పరచవలెనన్నచో అంచులను సాగదీయవలెను. అట్లు సాగదీయుటచే ధ్రువముల దరి దేశములు ఉన్నదానికన్న ఎంతో వెడల్పుగా కనబడును, దూరములును మోసపుచ్చును.

మీ యింట బడిపిల్లల గ్లోబు ఉన్నచో ఒక దారము తీసికొని, ఒక కొనను ఢిల్లీపై, రెండవ కొనను శాన్ ఫ్రాన్సిస్కోపై ఆనించి బిగువుగా లాగి చూడుడు. దారము పడమరకు పోదు, తూర్పునకును పోదు. ఇంచుమించు తిన్నగా ఉత్తరమునకు పోవును. హిమాలయములను, పశ్చిమ టిబెట్టును, తక్లమకాన్ ఎడారిని, సైబీరియాను దాటి, 75 డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు పైన మంచుసముద్రమును తాకి, అలాస్కా మీదుగా దిగి, కెనడా పశ్చిమతీరము వెంబడి శాన్ ఫ్రాన్సిస్కో చేరును. గోళముపై రెండు చోట్ల నడుమ ఇంతకన్న దగ్గర దారి లేదు.

ఆ దారపు పొడవును కొలుచుటకు నావికులు కనిపెట్టిన ఉపాయము సులువైనది. భూకేంద్రమునుండి ఈ రెండు నగరములకు రెండు గీతలు గీచినట్లు ఊహించినచో వాటి నడుమ కోణము 111 డిగ్రీలకు కొంచెము పైన ఉండును. ఒక్కొక్క డిగ్రీకి 60 నిముషములు. ఒక్కొక్క నిముషపు దూరము ఒక నాటికల్ మైలు, అనగా 1,852 మీటర్లు. ఆ లెక్కన డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లు. కోణము 111, డిగ్రీకి కిలోమీటర్లును 111. ఇది కాకతాళీయమే యైనను గుర్తుంచుకొనుటకు వీలుగా నున్నది. ఈ రెంటిని గుణించి, పైనున్న భిన్నమును కలుపగా 12,370 కిలోమీటర్ల ప్రాంతమున తేలును. నేను చెప్పిన 12,400 ఈ దూరమే. సంఖ్య సరియైనదే, విమానము ఆ దారము వెంబడి పోవుననుకొనుటయే తప్పు.

ఏల పోదు? ప్రయాణికుల విమానము పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున ఎగురును. అక్కడి గాలి ఊపిరికి చాలదు. అందుచే విమానములో గాలిని ఒత్తిడితో నింపి యుంచుదురు. ఏ కారణముచేతనైన ఆ ఒత్తిడి పోయినచో తలపైనుండి ముసుగులు జారిపడును. వాటిలోని ప్రాణవాయువు కొన్ని నిముషములకే సరిపోవును. ఆ కొన్ని నిముషములలో విమానము మూడు కిలోమీటర్ల ఎత్తునకు దిగిరావలెను. టిబెట్టులో నేలయే నాలుగు కిలోమీటర్లకు పైన ఉన్నది. ఇక దిగుటకు చోటేది? ఆ పీఠభూమిని తప్పించుకొని పోవుటకే విమానములు ఇష్టపడును.

ఎయిరిండియావారు 2015 డిసెంబరు 2న ఈ రెండు నగరముల నడుమ ఎక్కడను ఆగని ప్రయాణమును ప్రారంభించిరి. అప్పుడు విమానము పడమరగా, ఐరోపా, అట్లాంటిక్ సముద్రముల మీదుగా పోయెడిది. ఆ దారి 13,900 కిలోమీటర్లు. గ్లోబుపై దారముకన్న 1,500 కిలోమీటర్లు హెచ్చు. 2016 అక్టోబరులో వారు అదే విమానమును తూర్పు దిక్కుగా, పసిఫిక్ సముద్రము మీదుగా పంపిరి. ఈ దారి 15,300 కిలోమీటర్లు. పడమర దారికన్న మరి 1,400 కిలోమీటర్లు చుట్టు. అయినను ఆ విమానము పదునాలుగున్నర గంటలలో చేరెను. దూరము పెరిగినది; కాలము దాదాపు రెండు గంటలు తగ్గినది.

గోదావరిపై పాపికొండలకు పడవలో పోయివచ్చినవారికి ఇందలి మర్మము వెంటనే బోధపడును. పడవ ఒక్కటే, యంత్రమొక్కటే, సరంగు ఒక్కడే. ఏటికి ఎదురుపోవునపుడు ఒడ్డుననున్న చెట్టు ఎంతసేపటికిని కనుమరుగు కాదు. తిరిగి వచ్చునపుడు గట్లే పరుగెత్తుచున్నట్లుండును. నీటిలో పడవ వేగము ఒకటి, గట్టునుబట్టి దాని వేగము వేరొకటి. విమానమునకు గాలియే నది. గంటకు 900 కిలోమీటర్లని మనము చెప్పుకొను వేగము గాలిలో దాని వేగము. నేలను బట్టి కాదు. ఆ గాలియే గంటకు నూరు, నూటయేబది కిలోమీటర్ల వేగముతో కదలుచున్నప్పుడు విమానము దానితోపాటు కొట్టుకొనిపోవును, లేదా దానిని ఎదుర్కొనవలసివచ్చును.

15,300ను పదునాలుగున్నరతో భాగించి చూడుడు: గంటకు 1,055 కిలోమీటర్లు. అందు 900 యంత్రముల కష్టార్జితము. మిగిలిన 155 గాలి ఇచ్చిన దానము. పడమర దారి 13,900 కిలోమీటర్లకు పదహారున్నర గంటలు పట్టినదనుకొన్నచో గంటకు 840 మాత్రమే. అనగా అరువదింటిని గాలి మ్రింగివేసినది. ఇవి స్థూలమైన లెక్కలు. ఏ గాలియు దారిపొడవున ఒక్క తీరున వీవదు. అయినను సంగతి తెలియుటకు చాలును.

ఈ గాలి పుట్టుక ఎట్లు? భూమధ్యరేఖ దగ్గర గాలి వేడెక్కి వ్యాకోచించును. ధ్రువముల దగ్గర చల్లబడి కుంచించుకొనును. కావున పైయెత్తున గాలి వెచ్చని దిక్కునుండి చల్లని దిక్కునకు, అనగా మన యర్ధగోళములో దక్షిణమునుండి ఉత్తరమునకు ఒరగి ప్రవహింపజూచును. భూమి పడమరనుండి తూర్పునకు తిరుగుచుండుటచే ఆ ప్రవాహము కుడివైపునకు మళ్లి, తూర్పుదిక్కుగా సాగు గొప్ప వాయునది యగును. దీనినే జెట్ స్ట్రీం అందురు. తొమ్మిదినుండి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, సరిగా విమానములు తిరుగు మేరలోనే, ఇది పాములవలె మెలికలు తిరుగుచు భూమిని చుట్టివచ్చును. చలికాలమున ధ్రువమునకును ఉష్ణమండలమునకును నడుమ వేడిలో తేడా హెచ్చును గనుక దీని వేగమును హెచ్చును. జపాను ప్రాంతమున అది ఒక్కొక్కప్పుడు గంటకు 300 కిలోమీటర్లను మించును.

జపాను పేరు వచ్చినది గనుక ఒక చిన్న కథ. ఈ గాలిని మొట్టమొదట శ్రద్ధగా కొలిచినవారిలో వాసబురో ఓయిషీ అను జపాను వాతావరణ శాస్త్రజ్ఞుడు ముఖ్యుడు. 1920 తరువాతి యేండ్లలో తతెనో పరిశోధనాలయమునుండి బుడగలను ఎగురవేయించి, అవి కొట్టుకొనిపోవు తీరును దుర్భిణితో గుర్తించుచు, శీతకాలపు గాలుల ఉధృతిని లెక్కగట్టెను. లోకమంతయు చదువుకొనవలెనను సదుద్దేశముతో 1926లో ఆ ఫలితములను ఎస్పెరాంతో భాషలో ప్రకటించెను. ఎస్పెరాంతో అన్ని దేశములవారికిని ఉమ్మడిగా నుండుటకై కల్పింపబడిన భాష. అందరికొరకై కల్పించిన భాషలో వ్రాయుటచేతనే కాబోలు, దాదాపు ఎవ్వరును చదువలేదు. 1944లో జపానుపై బాంబులు వేయుటకు మిక్కిలి ఎత్తున ఎగిరి వచ్చిన అమెరికా విమానములు ఈ గాలిలో చిక్కుకొని కలవరపడునంతవరకు ఆ సంగతి పడమటి దేశములలో మరుగుననే యుండెను. తరువాత దానిని వాణిజ్యమునకు వాడుకొనుటకు ఎక్కువ కాలము పట్టలేదు. 1952 నవంబరులో పాన్ అమెరికన్ విమానమొకటి ఈ గాలి వాలున టోక్యోనుండి హొనలూలూకు పోగా, పదునెనిమిది గంటల ప్రయాణము పదకొండున్నర గంటలకు దిగెను.

కావున ఢిల్లీలో విమానము బయలుదేరుటకు కొన్ని గంటల ముందు, ఆనాటి గాలుల పటమును ముందుంచుకొని ఏ దారిని పోవలెనో నిర్ణయింతురు. నిన్న పోయిన దారినే నేడు పోవలెనను నియమము లేదు. ఇందులో ఇంధనపు చింతయు కలదు. ఈ మార్గమున మొదట తిరిగిన బోయింగు 777-200 ఎల్.ఆర్. విమానము సుమారు 1,81,000 లీటర్ల ఇంధనమును పట్టును. ఎంత దూరము పోవలెనన్న అంత ఇంధనము మోయవలెను. ఆ మోతకే ఇంధనములో కొంత ఖర్చగును. ఒక గంట తగ్గినచో ఆ గంటకు కావలసిన ఇంధనము మాత్రమే కాక, దానిని అంతదూరము మోసిన ఇంధనముకూడ మిగులును.

తూర్పు, పడమరలు గాక మూడవ దారియు ఉన్నది. అది ఉత్తరధ్రువము. గ్లోబుపై దారమును ఢిల్లీనుండి సరిగా ధ్రువమునకు లాగి, అక్కడనుండి శాన్ ఫ్రాన్సిస్కోకు దింపి చూడుడు. మొదటి దారముకన్న మూడు వందల కిలోమీటర్లలోపే హెచ్చు. పన్నెండువేల చిల్లర ప్రయాణములో అది లెక్కలోనిది కాదు. 2019 ఆగస్టు 15న ఎయిరిండియా విమానమొకటి ధ్రువప్రాంతము మీదుగా ఢిల్లీనుండి శాన్ ఫ్రాన్సిస్కోకు ప్రయాణికులను గొనిపోయెను. 2021 జనవరిలో శాన్ ఫ్రాన్సిస్కోనుండి బెంగుళూరునకు తొలి విమానమును ధ్రువము మీదుగా నడిపించుకొని వచ్చినవారు నలుగురును స్త్రీలే: జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనవరే, శివానీ మన్హాస్. సుమారు పదునేడు గంటల ప్రయాణమది.

ధ్రువమార్గమున కష్టములు మరి కొన్ని కలవు. దిక్సూచి అక్కడ నమ్మదగినది కాదు. ముల్లు చూపునది అయస్కాంత ధ్రువమునే గాని భూధ్రువమును గాదు. రెక్కలలోని ఇంధనము సున్నకు క్రింద 47 డిగ్రీల చలిలో గడ్డకట్టనారంభించును. వెలుపల గాలి ఒక్కొక్కప్పుడు అంతకన్నను చల్లనిది. అప్పుడు విమానమును క్రిందికి దింపి వెచ్చని పొరను వెదకవలెను. ఇంకొక చిక్కు, మా వృత్తివారికి ఆసక్తి కలిగించునది, రేడియో సంగతి. మామూలుగా విమానములు మాటలాడుకొను ఉపగ్రహములు భూమధ్యరేఖకు ఎగువన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచియుండును. ధ్రువమునుండి చూచినచో అవి దిగంతమునకు క్రిందనే ఉండిపోవును. ధ్రువముల మీదుగా తిరుగు వేరు ఉపగ్రహములు ఇప్పుడు కొంత తోడ్పడుచున్నను, పాత షార్టువేవు రేడియోను విమానములు విడిచిపెట్టలేదు. మనము వెనుకటి రోజులలో రాత్రివేళ సిలోనును, లండనును పట్టుకొనుటకు ముల్లు త్రిప్పుచు కూర్చున్న తరంగములే అవి. ఆకాశమునందలి విద్యుత్పొరను తాకి వెనుకకు దూకి, దూరదేశములకు పోవును. సూర్యునిపై తుపాను రేగినప్పుడు ఆ పొర చెదరును. మన యింట రేడియో గరగరలాడినట్లే విమానములో రేడియోయు మూగపోవును. అట్టి దినములలో ధ్రువమార్గమును మానుకొని దక్షిణముగా చుట్టి పోవుదురు. తొమ్మిది కోట్ల మైళ్ల దూరముననున్న సూర్యుని కోపమువలన ఢిల్లీలో ఒకరి రాక అరగంట ఆలస్యమగునన్నమాట.

దారి ఏదైనను, నడుమ దిగుటకు చోటుండవలెనని ఇంకొక నియమము. రెండే యంత్రములుగల విమానము, అందొకటి ఆగిపోయినను రెండవదానితో చేరగల దూరమున ఏదో యొక విమానాశ్రయము ఎల్లప్పుడును ఉండునట్లు దారి నేర్పరచుకొనవలెను. 777 వంటివానికి ఈ గడువు 330 నిముషములవరకును ఉండవచ్చును. ఆ నియమము కాగితముమీది మాట కాదని 2023 జూన్ 6న తెలిసినది. ఢిల్లీనుండి శాన్ ఫ్రాన్సిస్కో పోవు విమానములో ఒక యంత్రమున లోపము కనబడగా, 216 మంది ప్రయాణికులతోను, 16 మంది సిబ్బందితోను అది రష్యా తూర్పు కొసనున్న మగదాన్ పట్టణమున క్షేమముగా దిగెను. అక్కడ విమానసంస్థ మనుష్యులెవ్వరును లేరు, భాష తెలియదు, తాత్కాలికమైన వసతులలో తల దాచుకొనిరి. వేరొక విమానము పోయి జూన్ 8న వారిని గమ్యము చేర్చెను. పదహారు గంటలని టిక్కెట్టులో చూచుకొని బయలుదేరినవారికి రెండు దినములు దాటినవి. అయినను మగదాన్ అనునది పటములో ఉండుటయే వారి భాగ్యము.

గాలి, చలి, యంత్రము ప్రకృతి ధర్మములకు లోబడినవి. రాజ్యములు అట్లు కావు. 1944నాటి చికాగో ఒడంబడిక ప్రకారము ప్రతి రాజ్యమునకును తన నేలపైని ఆకాశముపై సంపూర్ణాధికారము కలదు. తలుపు వేసికొన్నచో చుట్టి పోవలసినదే. 2019 ఫిబ్రవరి 27నుండి జూలై 16వరకు పాకిస్తాను ఆకాశము మూయబడినప్పుడు ఢిల్లీనుండి పడమరకు పోవు విమానములు మొదట గుజరాతు దిక్కునకు దిగి, అరేబియా సముద్రము మీదుగా తిరిగి ఉత్తరమునకు ఎక్కవలసివచ్చెను. 2025 ఏప్రిల్ 24న ఆ దేశము భారతీయ విమానములకు మరల తలుపు మూసెను; ఏప్రిల్ 30న మనమును వారి విమానములకు మూసితిమి. అప్పుడు ఉత్తర అమెరికా పోవు మన విమానములు కొన్ని ఇంధనమునకై వియన్నా వంటి చోట్ల ఆగవలసివచ్చెను. రష్యా 2022లో అమెరికా, ఐరోపా దేశముల విమానములకు తన ఆకాశమును నిషేధించెను. భారతదేశపు విమానములకు నిషేధింపలేదు. అవే రెండు నగరములు, అదే గాలి. తోకపైని జెండానుబట్టి దూరము మారెను.

ఇక గడియారము. నా లెక్కలోని పెద్ద తప్పు ఇదియే. మిగిలినవి గంటల తప్పులు, ఇది దినపు తప్పు. మన గడియారము గ్రీనిచ్ కాలముకన్న అయిదున్నర గంటలు ముందు. శాన్ ఫ్రాన్సిస్కో చలికాలమున ఎనిమిది గంటలు, వేసవిలో ఏడు గంటలు వెనుక. మార్చి రెండవ ఆదివారమున వారు గడియారమును ఒక గంట ముందునకు త్రిప్పుదురు, నవంబరు మొదటి ఆదివారమున వెనుకకు త్రిప్పుదురు. అందుచే రెండు నగరముల నడుమ తేడా చలికాలమున పదమూడున్నర గంటలు, వేసవిలో పన్నెండున్నర. ఇక్కడినుండి పోవునపుడు ఈ తేడా ప్రయాణకాలమును దాదాపు కప్పివేయును. తెల్లవారుజామున ఢిల్లీలో ఎక్కినవారు అదే తేదీ ఉదయము శాన్ ఫ్రాన్సిస్కోలో దిగుదురు. 2016 అక్టోబరులో పసిఫిక్ మీదుగా పోయిన విమానము వినోదము ఇంకను చిత్రమైనది. 16వ తేదీ తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతమున ఢిల్లీలో లేచి, సముద్రము నడుమ తేదీరేఖను దాటి 15వ తేదీలో ప్రవేశించి, మరల 16వ తేదీ ఉదయమున దిగినది. అర్ధరాత్రి దాటిన పిమ్మట నిన్నటి సాయంత్రమును చూచిరన్నమాట.

తిరుగు ప్రయాణములో ఆ అప్పునంతయు తీర్చవలెను. శనివారము రాత్రి తొమ్మిది గంటలని అబ్బాయి చెప్పినది వారి తొమ్మిది. దానికి పదమూడున్నర కలిపినచో మనకు ఆదివారము ఉదయము పదిన్నర. అక్కడనుండి పదునాలుగు కాదు, పదహారు గంటలు: దారి దారమువంటిది కాదు గనుకను, విమానము గేటు విడిచి రన్‌వేకు నడచుట, దిగి మరల గేటు చేరుట కూడ కాలపట్టికలో చేరియుండును గనుకను. పదిన్నరకు పదహారు కలిపినచో సోమవారము తెల్లవారుజామున రెండున్నరకు ఢిల్లీ. పాస్‌పోర్టు తనిఖీ, పెట్టె, ఉదయపు విమానము, గన్నవరమునుండి కారు. ఇల్లు చేరునప్పటికి సోమవారము మధ్యాహ్నము.

అట్లే జరిగినది. ఆదివారము ఉదయము ఫోను పెట్టివేసిన పిమ్మట నేను వెళ్లి పిన్నిగారికి ఈ లెక్కను చెప్పితిని. తెనాలినుండి వచ్చిన బంధువులు వరండాలో చాపలు పరచుకొనిరి; పురోహితుడు మరునాటికి వచ్చెదనని పోయెను; ఐసు పెట్టెవానికి మరల కబురంపిరి. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "అయితే ఇంకో రాత్రి, అంతే గదా నాయనా" అని మాత్రము అడిగెను. అబ్బాయి సోమవారము పన్నెండు గంటలు దాటిన పిదప వచ్చెను.

ఆ తరువాత ఎవ్వరు అడిగినను నేను దూరమును భాగించి చెప్పుట మానుకొంటిని. బయలుదేరు వేళ ఏ గడియారములోనిదో మొదట అడుగుదును. దానిని మన వేళకు మార్చుదును. ఆనాటి కాలపట్టికలోని గంటలను దానికి కలుపుదును. నడుమ ఎక్కడనైన ఆగునా అని అడుగుదును. ఈ క్రమమును పిన్నిగారు నా ప్రక్కన కూర్చుండి ఒకటి రెండుమార్లు చూచినది.

2023 మే నెలలో ఆమె మనుమలు వచ్చుచున్నారని తెలిసి పలకరింపబోతిని. నన్ను చూడగానే, "మంగళవారం రాత్రి తొమ్మిదింటికి వాళ్లు ఎక్కుతారు నాయనా. ఇప్పుడు వేసవి గదా, పన్నెండున్నరే కలపాలి. మనకి బుధవారం పొద్దున తొమ్మిదిన్నర. పదహారు గంటలు వేసుకుంటే గురువారం తెల్లవారుజామున ఒంటిగంటన్నరకి ఢిల్లీలో ఉంటారు" అనెను. నేను జేబులోని పెన్సిలు తీసి లెక్కించి చూచితిని. సరిపోయినది.